బర్ఫ్‌లో అడుగులు

"ఈ ఉమ్రలో ఇదేం షౌక్ బేటా?" అంటుంది అమ్మీ. నేను చేస్తున్నది 1:35 స్కేలు టీ-34 ట్యాంకు. 1942 చలికాలం, స్టాలిన్‌గ్రాడ్. బర్ఫ్‌లో కనబడకుండా రష్యన్లు ఆకుపచ్చ ట్యాంకుల మీద సున్నంలాంటి తెల్లపూత పూసేవాళ్లు. ఈద్ ముందు మన గోడలకి కొట్టినట్టే! రాపిడికి అది రాలి, కింది రంగు బయటపడేది. అలా రావాలని ఆకుపచ్చ మీద హెయిర్‌స్ప్రే కొట్టి, పైన తెల్లరంగు వేసి, తడి బ్రష్షుతో రుద్దాను.

జిందగీలో బర్ఫ్ చూసినవాణ్ని కాదు. మొదటిసారి వంటసోడాలో ఫెవికాల్ కలిపి పోశాను. కొన్నాళ్లకి పసుపెక్కింది, మెహనత్ అంతా బర్బాద్. ఈసారి సన్నటి గాజుపొడి తెప్పించాను.

అసలు ఫికర్ సిపాయి బొమ్మలతో వచ్చింది. ఇంట్లో మనిషి బొమ్మలుంటే ఫరిష్తేలు రారని అమ్మీ యకీన్. బహస్ పెట్టుకోలేదు. వాటిని డబ్బాలోనే ఉంచి, ట్యాంకు మూత తెరిచి, బర్ఫ్‌లో అడుగుల జాడలు మాత్రం వేశాను. జాగా చాలక మూడు వరసలే పట్టాయి.

నిన్న అమ్మీ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇందులో ఎంతమంది ఎక్కేవాళ్లు?"

"నలుగురు అమ్మీ."

వేలితో లెక్కపెట్టింది. "మరి నాలుగో బిడ్డ ఏడి?"

జాగా చాలలేదని చెప్పబోయి ఆగిపోయాను.