సంతకానికేనా తల్లిదండ్రులు?

సర్కారు బడి యాజమాన్య కమిటీలో కనీసం ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ కూడా పెట్టారు. మంచిదే. కానీ కుర్చీ వేసి, ప్రోగ్రెస్ కార్డు చేతిలో పెట్టి సంతకం తీసుకుంటే భాగస్వామ్యం అయిపోదు (ఫొటోలు మాత్రం బాగా వస్తాయి). చదువురాని కూలివాళ్లు పాఠానికేం సాయపడతారు, పని మానుకుని ఎలా వస్తారు అంటారు కొందరు టీచర్లు. కూలి పోతుందన్నది నిజమే, అందుకే మీటింగు సాయంత్రం పెట్టాలి. మొదటి మాట మాత్రం ఒప్పుకోను. గోడకు ఇటుకలెన్ని పడతాయో తాపీమేస్త్రి నోటిలెక్కతోనే చెప్పేస్తాడు. ఆ లెక్క ఎలా కట్టాడో అడిగి రాసుకు రమ్మని పిల్లలకు చెబితే వైశాల్యం పాఠానికి అంతకన్నా మంచి హోంవర్కేముంది? ప్రాజెక్టు పేరుతో థర్మకోల్ షీట్లు కొనిపించే ఖర్చూ తప్పుతుంది. టీచర్లూ, వచ్చే మీటింగులో మార్కుల సంగతి తర్వాత, ముందు తల్లిదండ్రులు చేసే పని గురించి అడగండి.