మెయిన్ ఎవరెత్తారు?

2024 జులై 8, సోమవారం తెల్లవారుజామున బెరిల్ తుఫాను టెక్సాస్‌లో మాటగోర్డా దగ్గర ఒడ్డెక్కింది. ఆ రోజు మా హ్యూస్టన్ చుట్టుపక్కల ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు లేదు. ముహర్రం మొదలైన వారం అది. అమ్మీ ఆ వేసవికి మా దగ్గరికి వచ్చి ఉంది. ఆమె ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది. బయట చూస్తే ఊపిరాడని ఉక్క.

నాకు మాత్రం ఫికర్ లేదు. గరాజ్‌లో ఫౌజీ జనరేటర్ ఉంది మరి!

2021 ఫిబ్రవరి మంచుకు ఇంట్లో దుప్పట్లు కప్పుకుని వణికాక, అమెరికన్ ఆర్మీ వాడి అమ్మేసిన సామాను నీలాంలో కొన్నాను దాన్ని. ఆర్మీ లెక్కల్లో పేరు మెప్-831ఏ. ఆలివ్ పచ్చ డబ్బా, సింగిల్ సిలిండర్ యన్మార్ డీజిల్ ఇంజిన్, మూడు కిలోవాట్లు. నలుగురు పట్టితే గానీ కదలదు. మామూలు జనరేటర్‌లో ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే కరెంటు ఫ్రీక్వెన్సీ అంత. ఇందులో అలా కాదు. ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటును ముందు డీసీ చేసి, ఆ డీసీ నుంచి ఇన్వర్టర్ మళ్లీ 60 సైకిళ్ల ఏసీ తయారు చేస్తుంది. అంటే దాని జాన్ అంతా ఆ ఇన్వర్టర్‌లోనే. అది పోతే ఇంజిన్ ఎంత బాగా తిరిగినా ఒక్క బల్బు వెలగదు.

నాలుగో రాత్రి పోయింది.

ఆ సంగతి అబ్బాకు నంద్యాలకు వీడియో కాల్ చేసి చెప్పాను. అబ్బాకు అక్కడ మోటార్ వైండింగ్ దుకాణం. అమ్మీతో పాటు రమ్మంటే, "రైతుల మోటార్లు ఎవరు చుడతారు, నీ అమెరికా ప్రెసిడెంటా?" అని ఉండిపోయిన మనిషి. "ఏం కాలింది?" అని అడగలేదు. చిన్నప్పటి నుంచీ ఆయన అడిగే సవాల్ ఒకటే: "ఎందుకు కాలింది?"

కాలిన మోటారు వస్తే అబ్బా ముందు తీగ తెంపేవాడు కాదు, చూసేవాడు. స్టార్ కనెక్షన్ మోటారులో రెండు ఫేజుల కాయిళ్లు నల్లబడి మూడోది తాజాగా ఉంటే, ఒక ఫేజు రాకుండానే మోటారు నడిచిందని. మూడూ ఒకేలా మాడితే లోడ్ ఎక్కువైందని, లేదా బావిలో ఏదో ఇరుక్కుందని. ఒక్క చోటే కాటు పెట్టినట్టుంటే అక్కడ ఇన్సులేషన్ పోయిందని. వజా దొరక్కుండా చుట్టిన మోటారు నెలకే తిరిగొస్తుంది బేటా, రైతు పైసా హరామ్ అవుతుంది అనేవాడు.

నేను ఆ దుకాణంలో పెరిగి, హ్యూస్టన్‌లో ఇంజనీరుగా బతుకుతూ కూడా అబద్ధం చెప్పాను. "పాత సామాను కదా అబ్బా, ఆర్మీవాళ్లు వాడి వాడి పారేసింది."

"తెరిచి చూపించు."

తెరిచాను. డీసీ కెపాసిటర్లు ఇంజిన్ ఆపాక కూడా ప్రాణం తీసేంత చార్జి పట్టుకుని ఉంటాయి. ఆగి, రెసిస్టర్‌తో దించి, మీటర్ పెట్టి సున్నా చూశాకే చెయ్యి పెట్టాను. స్విచింగ్ చేసే ఐజీబీటీ మాడ్యూల్ పగిలి ఉంది. అవుట్‌పుట్ పక్క ఫిల్టర్ బొగ్గు. ఫోను దగ్గరగా పట్టుకున్నాను. అబ్బాకు ఐజీబీటీ అంటే తెలీదు. చాలాసేపు చూశాడు.

"ఇంజిన్ వైపు తీగలు సాఫ్‌గా ఉన్నాయి. ఇంటి వైపువి మాడాయి. దెబ్బ ఇంట్లోంచి వచ్చింది." ఆగి, "మెయిన్ ఎవరెత్తారు?" అన్నాడు.

ఇక దాచడానికేముంది. ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టించాలని మూడేళ్లుగా వాయిదా వేశాను. దాని బదులు రెండు కొసలా మేల్ ప్లగ్గులున్న కేబుల్ చేసుకుని, బట్టలారబెట్టే మెషిన్ సాకెట్‌లోంచి ఇంటికి కరెంటు వెనక్కి పంపాను. ఇక్కడి ఎలక్ట్రీషియన్లు దాన్ని సూయిసైడ్ కార్డ్ అంటారు. ఖుద్‌కుషీ తీగ. మెయిన్ దించి ఉంచితే చాలనుకున్నాను. నాలుగో రాత్రి వీధి దీపం వెలగ్గానే పిల్లలు అరిచారు, ఆ ఖుషీలో జనరేటర్ ఆపకుండానే మెయిన్ ఎత్తాను. గ్రిడ్ తరంగం ఒక దారి, నా ఇన్వర్టర్ తరంగం ఇంకో దారి. కలిసిన క్షణమే ధడాల్.

అబ్బా ఇన్వర్టర్ గురించి ఒక్క మాట అనలేదు. "వీధి దీపం వెలగకముందే ఎత్తి ఉంటే?"

ఆయన ఎవరిని తలుచుకుంటున్నాడో నాకు తెలుసు. మా దుకాణానికి సాయంత్రం చాయ్‌కి వచ్చే కాంట్రాక్టు లైన్‌మన్ ఒకాయన ఉండేవాడు. నాకు కాలిన తీగముక్కలతో ఒంటె చేసిచ్చేవాడు. ఒక రోజు కరెంటు లేని లైన్ మీద పనిచేస్తూ స్తంభం మీదే పోయాడు. దగ్గర్లో ఒక షాదీ ఇంట్లో జనరేటర్ నడుస్తోంది, మెయిన్ ఎవరూ దించలేదు. వేల వోల్టులను ఇంటి కరెంటుగా దించే ట్రాన్స్‌ఫార్మర్, వెనక నుంచి కరెంటిస్తే దాన్ని మళ్లీ అదే వేల వోల్టులకు ఎక్కిస్తుంది. మా వీధి చివర ఆ నాలుగు రోజులూ వేరే రాష్ట్రాల లైన్‌మన్లు బకెట్ ట్రక్కుల్లో పనిచేస్తున్నారు. వాళ్లకు నేనే నీళ్ల సీసాలు ఇచ్చొచ్చాను.

మరమ్మత్‌కు ఆరు వారాలు పట్టింది. మాడ్యూల్ మార్చగానే అయిపోలేదు. ఐజీబీటీ షార్ట్ అయ్యేటప్పుడు డీసీ వోల్టేజీ గేటులోంచి వెనక్కి దూకి డ్రైవర్ సర్క్యూట్‌ను కూడా చంపుతుంది. అది చూసుకోకుండా కొత్తది బిగిస్తే మొదటి స్టార్ట్‌లోనే పోతుంది. జల్దీలో నేను ఒకటి అలా పోగొట్టుకున్నాను కూడా. రెండోసారి డ్రైవర్ భాగాలు ఒక్కొక్కటే కొలిచి మార్చాను. మాడ్యూల్ కింద థర్మల్ పేస్ట్ పలుచగా పూశాను. డీసీ లైనుకు సిరీస్‌లో పాతకాలపు ఫిలమెంట్ బల్బు పెట్టి కరెంటిచ్చాను. షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, మాడ్యూల్ బతుకుతుంది. అదీ అబ్బా దుకాణం తరీఖానే. బల్బు ఒకసారి మిణుకుమని ఆరిపోయింది. స్కోప్ మీద 60 సైకిళ్ల తరంగం నున్నగా వచ్చింది. అమ్మీ గరాజ్ గుమ్మంలో తస్బీహ్ పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు తరంగం కనిపించలేదు, నా మొహం కనిపించింది.

వెంటనే అబ్బాకు ఫోన్ చేశాను. షాబాష్ అంటాడనుకున్నా.

"ఆ తీగ ఏమైంది?"

కోసేశానని ముక్కలు చూపించాను. ప్యానెల్ మీద ఎలక్ట్రీషియన్ బిగించిన ఇంటర్‌లాక్ పలక కూడా చూపించాను. మెయిన్ దించితే గానీ అది జరగదు, అది జరిగితే గానీ జనరేటర్ బ్రేకర్ లేవదు. రెండూ ఒకేసారి పైకెత్తడం ఎంత బలవంతం చేసినా కుదరదు.

"చేసి చూపించు," అన్నాడు.

మెయిన్ దించాను, పలక జరిపాను, జనరేటర్ బ్రేకర్ ఎత్తాను. ఇల్లంతా ఒక్క క్షణం చీకటైంది.

"ఇంకోసారి," అన్నాడు అబ్బా. "ఈసారి పిల్లలతో చేయించు."