మాటున కూర్చున్న పూట

దుబాయి క్రీక్ చివర రాస్ అల్ ఖోర్ మడుగుంది. చలికాలం రాజహంసలు వందలాదిగా వాలతాయి. 2016 జనవరిలో ఒక సెలవునాడు కెమెరా పట్టుకుని మావాడితో అక్కడి మాటులో కూర్చున్నాం. రెండు గంటలైనా ఒక్కటీ తలెత్తదే! ముక్కు తిరగేసి బురదనీళ్లు వడగట్టుకుంటూనే ఉన్నాయి.

"చప్పట్లు కొడితే ఎగురుతాయిగా నాన్నా?" అన్నాడు మావాడు.

గతుక్కుమన్నాం. చిన్నప్పుడు పులికాట్ ఒడ్డున మేం చేసిన పనే అది. రెక్కల కింది ఎరుపు చూడాలని కేకలేసి లేపేవాళ్లం. అవి మేత వదిలి పోతున్నాయని అప్పుడు తట్టలేదు.

"వద్దురా, తిననీ" అన్నాం.

ఎండెక్కాక ఒక హంస తనంతతానే రెక్క విప్పింది. తొందరలో ఫొటో మసకబారింది. అయినా మా గోడమీద ఉన్నది అదే. మీరెవరైనా వెళితే, కాస్త ఓపిక కూడా పట్టుకెళ్లండి.