చత్వారమునకు లేజరు లేదు

నలుబదియైదవ యేట లాసిక్ చేయించుకొని కంటియద్దముల ఋణము శాశ్వతముగా తీర్చుకొన నెంచిన మిత్రునితో, భద్రకాళి చెరువు గట్టున నేను చెప్పిన దింతే: లేజరు చెక్కి సవరించునది కంటి ముంగిటి కార్నియా వంపునే గాని, వయసుతోడ బిరుసెక్కు లోపలి కటకమును గాదు, కావున హనుమకొండ చౌరస్తాలోని బోర్డులు దూరమునుండియే తేటపడినను, దినపత్రికకు అద్దములు తప్పకపోవచ్చును. లేజరు చికిత్స పిదప కలుగు, రాత్రి కాజీపేట రోడ్డున ఎదురువచ్చు దీపముల చుట్టు పరివేషములు, కన్నుల పొడిదనము పెక్కుమందికి నెలలలో తగ్గును, కొందరికి నిలిచిపోవును. (ప్రకటనలలో ఈ ముక్క యెప్పుడును పెద్దక్షరములకు నోచుకోదు!) ఒక కన్ను దూరమునకు, రెండవది దగ్గరకు దిద్దు మోనోవిజన్ పద్ధతియు గలదు; అది యందరికి నప్పదు గనుక, ముందు కాంటాక్టు లెన్సులతో కొన్నాళ్లు సరిచూచుకొమ్మంటిని.