గ్రాఫిక్స్ కార్డు అడిగితే లెక్క రాయించండి

మా పిల్లాడు గేమింగ్ కంప్యూటర్ కావాలంటున్నాడని మీలో కొందరు నాతో అన్నారు. పోయినేడు మా తమ్ముడూ అదే అడిగాడు. అమలాపురం దగ్గర మాది చిన్న కొబ్బరితోట. ఇంటిఖర్చు, వాడి ఫీజు అన్నీ దింపు డబ్బుల్లోంచే. "కొందాంరా, కానీ ఏ కార్డు, ఎందుకో కాగితం మీద రాసి చూపించు" అన్నారు నాన్నగారు.

వాడు రాసిన లెక్క మీకూ పనికొస్తుందండి. మొదట మానిటర్ చూడాలి. ఇంట్లో ఉన్నది 1080పి అయితే, 4కె కోసం చేసిన ఖరీదైన కార్డు దండగ. మధ్యరకం చాలు.

రెండోది మెమరీ. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060కి 12 జీబీ, 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060కి 8 జీబీ. అయినా చాలా ఆటల్లో కొత్తదే వేగం. మెమరీ బాగా తినే ఆటలకు, 3డి పనులకు పాతదాని 12 జీబీ కలిసొస్తుంది.

మూడోది కరెంటు. పాతదానికి 170 వాట్లు, కొత్తదానికి 115. మంచి పవర్ సప్లై, కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్ ఖర్చు కూడా కలపాలి.

తమ్ముడు 4060కి టిక్కు పెట్టాడు. ఈలోగా కొబ్బరి ధర పడింది. తర్వాతి దింపు దాకా ఆగమన్నారు నాన్నగారు. మొత్తం ఖర్చు వాడి చేతిరాతలోనే ఉంది కాబట్టి గొడవ పడలేదు.

ఈ ఆదివారం మీ పిల్లలకూ కాగితం, పెన్ను ఇచ్చి పక్కన కూర్చోండి. చివరికి వద్దనాల్సి వచ్చినా, ఎందుకు వద్దంటున్నారో వాళ్లకు తెలుస్తుంది.