పాదాల గోడు

నడిచి శ్రీశైలం పోదామన్న ఆలోచన నాదే. హాస్టల్ మిత్రులు ముగ్గురు ఒప్పుకున్నది నా ఉపన్యాసం భరించలేకనే తప్ప భక్తితో కాదు. శ్రీశైలానికి మెట్లు కట్టించినది 14వ శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డి అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ మెట్లు మోకాళ్ళను ఏం చేస్తాయో మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు!

గత ఉగాదికి ముందు ఆత్మకూరు దగ్గరి వెంకటాపురంలో బయల్దేరాం. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం - నల్లమలలో ఇదీ దారి. ఆ రోజుల్లో దారంతా కన్నడ భక్తులే. భ్రమరాంబ వాళ్ళకు ఇంటి ఆడపడుచు. చీరా గాజులూ పట్టుకొని పుట్టింటివాళ్ళలా నడిచి వస్తారు.

ఇక నా అవతారం. కొత్త బూట్లు, నైలాన్ మేజోళ్ళు, వీపున సంచి. అందులో బియ్యం, గిన్నె అడుగున. దుప్పటి, బట్టలు పైన. (సిగ్గు విడిచి చెబుతున్నాను) ఒక ఇస్త్రీ చొక్కా కూడాను. సంచి వెనక్కి లాగుతోంది, నేను ముందుకు వంగుతున్నాను, పట్టీలు భుజాలు కోస్తున్నాయి. నాగలూటి దాటకముందే మడమ చురుక్కుమంది. అప్పుడే ఆగి ఓ గుడ్డ చుట్టుకుంటే పోయేది. నాయకుడు కుంటడమా? పెద్దచెరువు చేరేసరికి రెండు మడమలకూ రూపాయి బిళ్ళంత బొబ్బలు.

తోలు పీకెయ్యబోతుంటే పక్కన కూర్చున్న కన్నడ పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు. “తమ్మా, అది నీ కాలికి దేవుడిచ్చిన కట్టు” అన్నాడు వచ్చీరాని తెలుగులో. సూదిని మంటలో కాల్చి, చల్లారనిచ్చి, బొబ్బ అంచున పొడిచి నీరు మాత్రం తీశాడు. పైన శుభ్రమైన నూలుగుడ్డ చుట్టాడు. తడి కాలికి బూటు తొడగొద్దన్నాడు. తర్వాత సంచి బోర్లించి, దుప్పటి అడుగున, బియ్యం వీపుకు ఆనేలా పైన సర్ది, పట్టీల కింద తువ్వాలు మడతపెట్టి, నడుముకు పంచెతో బిగించాడు. సగం బరువు భుజాలు దిగి తుంటి మీదికొచ్చింది. చొక్కా చూసి మాత్రం నవ్వాడు. “మల్లయ్య నిన్ను చూస్తాడా, దీన్నా?”

మర్నాడు భీముని కొలను లోయలోకి దిగుతుంటే వేళ్ళు బూటు ముక్కుకు గుద్దుకున్నాయి. లేసులు పాదం మీద బిగించి కట్టాను. నా కాళ్ళ సంగతి తేలింది గనుక అప్పుడు వెనక్కి చూశాను. మాలో చిన్నవాడు బాగా వెనకబడ్డాడు.

వాడు పాత చెప్పులతో వస్తానన్నవాడు. నేనే ఎగతాళి చేసి, మెస్ డబ్బుతో నాలాంటి బూట్లే కొనిపించాను. విప్పి చూస్తే మేజోడు నెత్తురుకు అతుక్కుపోయి ఉంది.

“ముందే చెప్పొచ్చుగదరా!”

“నువ్వు చెప్పావా?” అన్నాడు.

నీళ్ళు పోసి నానబెట్టి, మెల్లగా మేజోడు విడదీసి కడిగాను. వాడు పళ్ళు బిగించాడు గాని అరవలేదు. ఇస్త్రీ చొక్కా చింపి కట్టు కట్టాను. వాడి సంచి కూడా ముందువైపు తగిలించుకొని, ఇద్దరం పది మెట్లకోసారి కూర్చుంటూ కైలాసద్వారం ఎక్కేసరికి చీకటి పడింది.

ఆ బూట్లు ఇప్పటికీ వాడి మంచం కిందే ఉన్నాయి. డబ్బిస్తానంటే తీసుకోడు.