పెట్టెచెక్క

మా ఇంట్లో అటక చెక్కల మీద రష్యా అక్షరాలుండేవి. చిన్నప్పుడు వాటి కింద పడుకుని అవేవో దేవుడి రాతలనుకునేవాణ్ణి. వానాకాలం వస్తే ఆ చెక్కల్లోంచి గుగ్గిలం లాంటి వాసన దిగేది. అమ్మ వాటి మీదే చింతపండు కుండా, ఊరగాయ జాడీలూ పెట్టేది.

ఆ చెక్కల సంగతి చెప్పాలంటే స్టీలుప్లాంటు సంగతి చెప్పాలి. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కావాలని 32 మంది ప్రాణాలిచ్చారు. 1971లో ఇందిరాగాంధీ పునాదిరాయి వేసింది. ఊళ్ళకి ఊళ్ళు లేచిపోయాయి. భూములున్నవాళ్ళు నష్టపరిహారం కోసం కాగితాలు పట్టుకుని తిరిగారు. మా తాత పాలేరు. ఆయన పేరు ఏ పట్టాలోనూ లేదు, ఏ అడంగల్లోనూ లేదు. లేని పేరుకి పరిహారం ఎవడిస్తాడు? తట్టాబుట్టా నెత్తిన పెట్టుకొచ్చి దువ్వాడ రైలుకట్ట పక్కన గుడిసె వేశాడు. తర్వాత 1980ల్లో ప్లాంటు కట్టేటప్పుడు మా అయ్య కంట్రాక్టరు కింద కూలికి చేరాడు. సోవియట్ సాయంతో కట్టిన ప్లాంటు కదా, యంత్రాలు పెద్దపెద్ద చెక్కపెట్టెల్లో వచ్చేవి. అవి దించడం అయ్య పని. విరిగిన పెట్టెచెక్కల్ని పొయ్యిలోకి తీసుకుపొమ్మని కూలీలకి వదిలేసేవారట. అయ్య బాగున్నవి ఏరి భుజాన మోసుకొచ్చాడు. 1992లో ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు ప్లాంటుని జాతికి అంకితం చేశారు. కట్టే పని అయిపోయింది, అయ్యనీ పంపేశారు. అంత ప్లాంటులో మా వాటా ఏడు చెక్కలు.

నేను మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. డీయస్సీ రాసి సైన్సు మాష్టర్నయ్యాను. మూడో నెల జీతంతో ఎలక్ట్రిక్ గిటారు కొన్నాను. "జీతం మదం" అంది మా మేనత్త. గిటారుతోపాటు కొన్న చిన్న ఆంప్లిఫయరులో అరచెయ్యంత స్పీకరు. తగరపు డబ్బాలో కందిరీగ దూరినట్టుండేది. పోయినేడు అంబేద్కర్ జయంతికి సౌండుబాక్సులు అద్దెకి తెచ్చాం. ఇంకో బేరం తగిలిందని ఆ మనిషి సాయంత్రం ఆరింటికే వైర్లు పీక్కుని పోయాడు. మా పేట కుర్రాళ్ళు పాట సగంలో నిలబడిపోయారు. అప్పుడనుకున్నాను, పెట్టె మనమే చేసుకోవాలని.

స్పీకరుకి పెట్టె ఎందుకంటే, లోపలి కాగితం ముందుకి తోసినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పల్చబడుతుంది. మధ్యలో అడ్డం లేకపోతే ఆ రెండూ అంచు చుట్టూ తిరిగొచ్చి ఒకదాన్నొకటి మింగేస్తాయి. బరువైన స్వరాలే ముందు చచ్చిపోతాయి. ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం చెబుతూ ఇన్నేళ్ళూ ఇది నోటితో చెప్పానేగానీ చేత్తో చేసింది లేదు. పన్నెండంగుళాల స్పీకరు కొన్నాను, 8 ఓములది. ఆంప్లిఫయరు 4 ఓముల దాకా తట్టుకుంటుంది కాబట్టి భయం లేదు.

చెక్క దగ్గరే చిక్కొచ్చింది. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1950ల్లో ఆంప్లిఫయరు పెట్టెలు పైన్ చెక్కతోనే చేసేదని చదివాను. పైన్ అంటే మా అటక చెక్కే! స్లాబు ఇల్లు కట్టాక ఆ చెక్కలు పెరట్లో గోడకి ఆనించి ఉన్నాయి. వాటిని చిత్రిక పట్టించడానికి వడ్రంగం షాపుకి పట్టుకెళ్ళాను. "రండి మాష్టారూ, కూర్చోండి" అన్నాడాయన. మాటల్లో ఏ పేటో అడిగాడు. చెప్పాను. "పెట్టెచెక్కకి నా చిత్రిక పాడైపోద్ది, తీసుకెళ్ళిపో" అన్నాడు. చిత్రిక నిజంగానే పాడవుతుందేమో, నాకు తెలీదు. 'రండి' కాస్తా 'పో' ఎందుకయిందో మాత్రం తెలుసు.

అయ్యా నేనూ పెరట్లోనే మొదలెట్టాం. నాలుగు పలకలు కోశాం. మేకుకి దారం కట్టి, దారానికి పెన్సిలు కట్టి ప్లైవుడ్డు మీద స్పీకరుకి గుండ్రం గీశాను. ఫెవికాల్ రాసి బిగించడానికి క్లాంపులెక్కడివి? అయ్య చుట్టూ తాడు కట్టి, కర్ర దూర్చి మెలిపెడదామన్నాడు. జిగురు రాసే ముందు పలకమీది అక్షరాలు ఫోనులో వెదికాను. "నే కంతోవాత్." దొర్లించవద్దు అని.

చెప్పేసరికి అయ్య చెయ్యి ఆగిపోయింది.

"పెట్టె దొర్లించినామని మేస్త్రి మూడ్రోజుల కూలి కోసేసినాడు రా. గ్లాసు బొమ్ముంటే మెల్లిగా దించాలని తెలుసు. ఆ రాత మాకెవడు సదివి సెప్పినాడు?"

అయ్యకి తెలుగు రాతే రాదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. రెక్సిన్ వెయ్యొద్దు, అక్షరాలు ముందుకే ఉంచి వార్నిష్ కొడదాం, నలుగురూ చూడాలి అన్నాను. వడ్రంగి కూడా చూడాలి అన్నాను.

"ఏటి సూడాల? పెట్టెలు దించినోడి ఇంటి సెక్క అనా? నువ్వు మాష్టరువి. సిరిగిన సొక్కా ఏసుకున్నా నిన్ను మాష్టరే అంటారు. నేనేసుకుంటే ఏటంటారు?"

నా దగ్గర జవాబు లేదు. చిరిగిన చొక్కా చూపించే ధైర్యం నాకు నెల జీతం ఇచ్చింది. అయ్యకి ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటిన పండగ లేదు.

పలక తిప్పి అక్షరాలు లోపలికి పెట్టాం. పైన నల్ల రెక్సిన్ వేశాం. మూలల దగ్గర మడత పడకుండా కోసింది అయ్యే. ముందు నల్లగుడ్డ, పక్కన ఇత్తడి హేండిలు. షాపులో కొన్నదంటే నమ్ముతారు. వెనక పక్క సగం తెరిచే ఉంచాం.

మొదటిసారి వాయిస్తే ఐదో తీగ దగ్గర జర్రున మోత. స్క్రూలన్నీ బిగించాను. పోలేదు. స్పీకరు విప్పి మళ్ళీ పెట్టాను. పోలేదు. రాత్రి పదయింది.

"వాయించు. ఆపకు" అన్నాడు అయ్య.

వయసులో డప్పు కొట్టిన చెయ్యి అది. మంట మీద కాచిన తోలు ఎక్కడ వదులుగా ఉందో తట్టి చెప్పేవాడట. అరచెయ్యి పెట్టె మీద పెట్టి జరుపుకుంటూ వెళ్ళాడు. కింద వెనక మూల ఆగాడు. నొక్కాడు. మోత పోయింది. చెయ్యి తీశాడు. మళ్ళీ వచ్చింది. లోపల చెక్కలో విరిగిపోయిన పాత మేకు ఒకటి వదులై ఊగుతోంది. పటకారుతో పీకి, కన్నంలో అగ్గిపుల్ల దూర్చి జిగురేశాం.

మేకు అయ్య జేబులో వేసుకున్నాడు. ఎందుకని నేనడగలేదు.

ఏప్రిల్ 14 సాయంత్రం కుర్రాళ్ళు పాట ఎత్తుకున్నారు. అయ్య ఇస్త్రీ చొక్కాలో వచ్చి, అందరూ ముందు కూర్చుంటే, తను పెట్టె వెనక కుర్చీ వేసుకున్నాడు. మా తమ్ముడి కొడుకు వంగి లోపలికి చూసి, "ఇదేటి రాసుంది తాతా?" అన్నాడు.

"దొర్లించొద్దని రాసుంది. జరుగు, మీద పడిపోతావు."